క్రియాటినిన్ ఒకటే, లెక్కలు రెండు

పోయిన నెల ఈ శీర్షికలో డయాలిసిస్ గురించి రాస్తూ ఒక మాట అన్నాను. "అమెరికాలో మొన్నమొన్నటిదాకా కిడ్నీ లెక్క కూడా మనిషి జాతి చూసి వేసేవారు. ఆ లెక్క నేనూ వేశాను." అంతకు మించి వివరించలేదు. దానిమీద చాలా ఉత్తరాలు వచ్చాయి. కొందరు నమ్మలేదు, కొందరికి కోపం వచ్చింది. అందుకే ఈసారి పథ్యాలు, మందుల ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబు రాస్తున్నాను. కొత్తగా చదువుతున్నవారి కోసం నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లె. డెట్రాయిట్‌లో 12 ఏళ్ళు డయాలిసిస్ నర్సుగా, తర్వాత 11 ఏళ్ళు కిడ్నీ క్లినిక్‌లో పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను.

ప్రశ్న: మేడమ్, అమెరికాలో 1964లోనే పౌరహక్కుల చట్టం వచ్చింది. నల్లజాతి మనిషి రెండుసార్లు ప్రెసిడెంట్ అయ్యాడు. ఇంకా జాతి వివక్ష అంటూ పాత గాయాన్ని కెలకడం దేనికి? వైద్య సూత్రంలో జాతి ఉందంటే దానికేదో శాస్త్రీయ కారణం ఉండే ఉంటుంది కదా?
– రిటైర్డ్ లెక్చరర్, విజయవాడ

జవాబు: మాస్టారూ, మీరు జీవితమంతా పాఠం చెప్పినవారు. నేను చెప్పేది ఒక కాగితం తీసుకుని లెక్క వేసి చూడండి.

మా ఉద్దానంలో బడి మొహం చూడని ముసలమ్మకి కూడా క్రియాటినిన్ అంటే తెలుసు. కండల నుంచి రక్తంలోకి వచ్చే వ్యర్థం అది, కిడ్నీ పాడైతే పెరుగుతుంది. ఎవరైనా ఆసుపత్రి నుంచి వస్తే "ఎంతుందంట?" అని అడుగుతారు, అంతే. దేని గురించో చెప్పక్కర్లేదు. మా పెదనాన్న జీడితోటల్లో పనిచేసేవాడు. కిడ్నీ జబ్బుతోనే పోయాడు. నేను నర్సింగ్‌లో చేరడానికి కారణం ఆయనే.

2018లో మా క్లినిక్‌కి ఒకే వారంలో ఇద్దరు వచ్చారు. ఒకాయన కార్ల ఫ్యాక్టరీలో పాతికేళ్ళకు పైగా పనిచేసిన నల్లజాతి మనిషి. వయసు 56. ఇంకొకాయన మన తెలుగాయనే, ఇంజనీరు. వయసు 57. ఇద్దరి రక్తంలోనూ క్రియాటినిన్ 3.4. దీన్నిబట్టి కిడ్నీ ఎంత పనిచేస్తోందో అంచనా కట్టే అంకెని ఈజీఎఫ్ఆర్ అంటారు. తెలుగాయనకి అది 19 అని వచ్చింది. ఫ్యాక్టరీ ఆయనకి 22 అని వచ్చింది. పక్కపక్కన కూర్చోబెడితే ఒంటి రంగులో మనాయనే ఒక ఛాయ ఎక్కువ నలుపు. కానీ ఫారంలో మనాయన "ఏషియన్".

ఆ మూడు పాయింట్లు ఎక్కడినుంచి వచ్చాయంటే, ఆ రోజుల్లో లాబ్ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ రెండు లైన్లుగా వచ్చేది. మొదటి లైను ఆఫ్రికన్ అమెరికన్ కానివారికి, రెండో లైను ఆఫ్రికన్ అమెరికన్‌కి. రక్తం ఒకటే, గొట్టం ఒకటే. రెండో లైనులో మాత్రం వచ్చిన అంకెని 1.159తో గుణిస్తారు. 19ని 1.159తో గుణించండి. 22 వస్తుంది.

ఆ మూడు పాయింట్లతో పోయేదేముంది అనుకోకండి. అమెరికాలో పెద్దవాళ్ళకి ఈజీఎఫ్ఆర్ 20కి గానీ, అంతకంటే కిందకి గానీ దిగితేనే కొత్త కిడ్నీ కోసం వెయిటింగ్ లిస్టులో రోజుల లెక్క మొదలవుతుంది. అక్కడ రోజులే ఆస్తి. ఎన్ని రోజులు పోగైతే కిడ్నీ అంత దగ్గర. తెలుగాయనని ఆ నెలలోనే ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్‌కి పంపాం. పరీక్షలన్నీ ముగించుకుని లిస్టులో చేరాడు. నల్లాయనకి "మీకింకా టైముంది, మళ్ళీ మూడు నెలలకి రండి" అని చెప్పాం. ఆయన కిడ్నీ ఇంకా పాడయ్యి, ఆ రెండో లైనులో అంకె 20కి దిగేసరికి 16 నెలలు పట్టింది. మంచి వార్త చెబుతున్నట్టు ముఖం పెట్టి ఆ "టైముంది" అన్న మాట చెప్పింది నేనే.

శాస్త్రీయ కారణం అన్నారు. ఉంది, చెబుతాను. 1999లో ఒక సూత్రం తయారుచేశారు. దానికి ఆధారం 1,628 మంది రోగులు. అందులో నల్లవాళ్ళు దాదాపు 200 మంది. ఒకే క్రియాటినిన్ ఉన్నా వారిలో కిడ్నీ వడపోత సగటున కొంచెం ఎక్కువ కనిపించింది. నల్లవాళ్ళకి కండ ఎక్కువ కాబట్టి క్రియాటినిన్ ఎక్కువ తయారవుతుంది అని దానికి వివరణ ఇచ్చారు. దాన్ని సులువు చేసి లాబుల్లో వాడిన రూపంలో గుణకం 1.21. 2009లో వచ్చిన సూత్రంలో 1.159కి తగ్గించారు. ఇందులో ఎవరూ కుట్ర చేయలేదు. సగటు తేడాని సరిచేస్తున్నాం అనుకున్నారు.

కానీ ఆలోచించండి. కండ ఎక్కువుంటే కండని కొలవాలి. బరువు చూడొచ్చు, పొడవు చూడొచ్చు. కండతో పెద్దగా సంబంధం లేని సిస్టాటిన్ సి అనే ఇంకో పరీక్ష ఉంది, అది చేయొచ్చు. అవేవీ చేయకుండా ఫారంలో టిక్కు పెట్టిన గడిని చూశాం. మా దగ్గరికి ఎముకల గూడులా వచ్చిన 80 ఏళ్ళ నల్లజాతి ముసలమ్మకి కూడా "కండ ఎక్కువ" అనే అదే గుణకం వేశాం. ఒకసారి నల్లజాతి తండ్రికీ తెల్లజాతి తల్లికీ పుట్టిన అబ్బాయి వచ్చాడు. ఏ లైను చూడాలో నాకు తెలియలేదు. డాక్టర్‌గారిని అడిగితే ఆ అబ్బాయి ముఖం వైపు ఒకసారి చూసి "రెండోది" అన్నారు. ఆ చూపే శాస్త్రం అయిపోయింది.

దీన్ని ప్రశ్నించినవాళ్ళలో ముందున్నది వైద్య విద్యార్థులు. 2017లో బోస్టన్‌లోని ఒక ఆసుపత్రి ఆ గుణకాన్ని తీసేసింది. చాలామంది పెద్ద డాక్టర్లు వద్దన్నారు. కొన్ని మందుల డోసులు ఈ అంకెమీదే ఆధారపడతాయి, అంకె తగ్గిస్తే నల్లవాళ్ళకి ఆ మందులు అందకుండా పోతాయేమో అని వాళ్ళ భయం. ఆ భయంలో నిజాయితీ ఉందని నేను నమ్ముతాను. 2021 సెప్టెంబరులో దేశస్థాయి కిడ్నీ సంస్థల కమిటీ జాతి లేని కొత్త సూత్రాన్ని సిఫారసు చేసింది. 2022 జులై నుంచి ట్రాన్స్‌ప్లాంట్ లిస్టుకి జాతి గుణకం వాడటాన్ని నిషేధించారు. 2023 జనవరి నుంచి లిస్టులో ఉన్న నల్లజాతి రోగుల పాత రిపోర్టులు తవ్వి తీసి, పోయిన రోజులు తిరిగి కలపమన్నారు. 2024 మార్చి మధ్యకి అలా 14 వేల మందికి పైగా లెక్క సరిచేశారు. ఒక్కొక్కరికి సగటున రెండేళ్ళు తిరిగొచ్చాయి.

మాస్టారూ, ఆ 14 వేల మంది 1964 నాటివాళ్ళు కాదు. వాళ్ళకి పోయిన రెండేళ్ళు ఒబామా ప్రెసిడెంటుగా ఉన్నప్పటివి, ఆ తర్వాతవి. అమెరికా జనాభాలో నల్లవాళ్ళు 13 శాతం. కిడ్నీలు పూర్తిగా చెడిపోయినవాళ్ళలో మాత్రం దాదాపు మూడో వంతు వాళ్ళే. 1972లో చేసిన చట్టం వల్ల డయాలిసిస్ ఖర్చు ప్రభుత్వం పెడుతుంది, అది గొప్ప విషయం. డయాలిసిస్ కుర్చీ దగ్గర తేడా లేదు. ఆ కుర్చీలోంచి లేచి బయటపడే దారి దగ్గర తేడా వచ్చింది. ఎవరూ ఎవరినీ తిట్టలేదు, తలుపు వేయలేదు, బోర్డు పెట్టలేదు. నాకు ఆ ఫ్యాక్టరీ ఆయనంటే చాలా అభిమానం. ఏటా క్రిస్మస్‌కి వాళ్ళావిడ చేసిన చిలగడదుంప పై మా నర్సులందరికీ తెచ్చేవాడు. నేను అది తింటూనే రెండో లైను చూశాను. వివక్ష అంటే ద్వేషం అనుకున్నంత కాలం నా చేతిలో ఉన్నదేమిటో నాకు కనబడలేదు.

ప్రశ్న: నేను బీఎస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు నల్లజాతివారిలో ఎక్కువని మా పాఠంలో ఉంది. అంటే జాతుల మధ్య శరీరంలో తేడాలు నిజమే కదా అక్కా? మరి వైద్యంలో జాతి చూడటం తప్పెలా అవుతుంది?
– విద్యార్థిని, మంచిర్యాల

జవాబు: మంచి ప్రశ్న తల్లీ. నువ్వు మంచిర్యాల నుంచి అడగడం ఇంకా బాగుంది. మీ పక్కనే ఆదిలాబాద్, ఆసిఫాబాద్ గూడేల్లో ఆదివాసీలకి సికిల్ సెల్ ఉంది. ఇటు మన్యంలోనూ ఉంది. దేశంలో ఆదివాసీ ప్రాంతాల కోసమే 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గ్రీసులో ఉంది, సౌదీలో ఉంది. ఆఫ్రికాలోనే మలేరియా పెద్దగా లేని దక్షిణ భాగంలో అరుదు. ఆ జన్యువు వెతుక్కున్నది నల్ల చర్మాన్ని కాదు, మలేరియా దోమని. దోమ ఉన్నచోట ఆ జన్యువు ఒక కాపీ ఉన్నవాళ్ళు బతికారు, పిల్లల్ని కన్నారు. అమెరికాకి బానిసలుగా పట్టుకెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది మలేరియా ప్రాంతాలవాళ్ళు కాబట్టి అక్కడ అది "నల్లవాళ్ళ జబ్బు" అనిపించుకుంది.

కిడ్నీలోనూ ఇలాంటిది ఒకటుంది. ఏపీఓఎల్1 అనే జన్యువు. పశ్చిమ ఆఫ్రికా మూలాలున్న కొందరిలో దాని రకాలు రెండు కాపీలూ ఉంటే కిడ్నీ జబ్బు ప్రమాదం పెరుగుతుంది. 2010లో ఇది బయటపడింది. అక్కడ నిద్రజబ్బు తెచ్చే పరాన్నజీవి నుంచి కాపాడటం వల్లే అది నిలిచిందని చెబుతారు. ఇది నిజమైన జీవశాస్త్రం, దాన్ని దాచకూడదు. కానీ చాలామంది నల్లజాతివారిలో ఆ రెండు కాపీలు లేవు. ఎవరిలో ఉందో తెలుసుకోవాలంటే పరీక్ష ఉంది. ముఖం చూసి నిర్ణయించడం పరీక్ష కాదు.

రంగు నిజంగానే పట్టించుకోవాల్సిన చోట ఏం జరిగిందో చెబుతాను విను. కరోనాలో మన ఇళ్ళల్లో వేలికి పెట్టుకుని 94 ఉందా, 92 ఉందా అని టెన్షన్ పడ్డ ఆక్సీమీటర్ గుర్తుందా? అది వేలిలోంచి వెలుతురు పంపి ఆక్సిజన్ లెక్కగడుతుంది. చర్మంలో రంగు ఎక్కువుంటే ఆ వెలుతురు లెక్క తప్పొచ్చు. మాకు గంట దూరంలో ఉన్న యూనివర్సిటీ ఆఫ్ మిచిగన్ డాక్టర్లు 2020 డిసెంబరులో దీన్ని లెక్కలతో చూపించారు. మిషన్ 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నప్పుడు రక్తం తీసి చూస్తే, నల్లజాతి రోగుల్లో దాదాపు 12 శాతం మందికి అసలు ఆక్సిజన్ 88 కంటే కింద ఉంది. తెల్లవారిలో అది 4 శాతం లోపే. మిషన్ "బాగుంది" అంటుంది, మనిషికి ఊపిరి ఆడదు. కిడ్నీ దగ్గర అక్కర్లేని జాతిని లెక్కలోకి తెచ్చారు. ఇక్కడ చర్మం రంగుని నిజంగా లెక్కలోకి తీసుకోవాల్సి ఉండగా వదిలేశారు. రెండుసార్లూ నష్టపోయింది ఒకే మనుషులు. నువ్వు రేపు లాబ్‌లో పనిచేస్తావు కదా, ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు. నీ రంగూ నా రంగూ ఆ ఆక్సీమీటర్‌కి లోకువే అని కూడా గుర్తుంచుకో.

ప్రశ్న: మా అబ్బాయి, కోడలు డెట్రాయిట్ దగ్గర ఇల్లు కొందామని చూస్తున్నారు. ఒకచోట ఇల్లు చాలా చవగ్గా వస్తోందట. అది నల్లవాళ్ళ ఏరియా, వద్దంటే వద్దని అక్కడి మనవాళ్ళంతా చెబుతున్నారట. ఇది వివక్షా, జాగ్రత్తా? పిల్లలకి ఏం చెప్పమంటారు?
– గృహిణి, కాకినాడ

జవాబు: అమ్మా, మీ పిల్లలు ఎక్కడ కొనుక్కోవాలో నేను చెప్పను. ఆ ఇల్లు ఎందుకు చవకో మాత్రం చెబుతాను. తెలిశాక వాళ్ళిష్టం.

డెట్రాయిట్‌కి ఉత్తరాన ఎయిట్ మైల్ అనే రోడ్డు ఉంది. రోడ్డుకి ఇటు డెట్రాయిట్, జనాభాలో ముప్పావు వంతు మంది నల్లవాళ్ళు. అటు ఊళ్ళు వేరు, మునిసిపాలిటీలు వేరు. మన తెలుగువాళ్ళు ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లలో ఉంటారు. గుడులూ, ఇండియన్ కొట్లూ అటే. 23 ఏళ్ళు నేనూ రోజూ అటునుంచి ఇటు పనికొచ్చి, సాయంత్రం అటు వెళ్ళిపోయినదాన్నే.

ఆ రోడ్డుకి దగ్గర్లో, ఇళ్ళ పెరళ్ళ వెనక, ఒక గోడ ఉంది. ఆరడుగుల ఎత్తు, దాదాపు అర మైలు పొడవు, సిమెంటు గోడ. మా పేషెంట్ ఒకావిడ చిన్నప్పుడు ఆ గోడెక్కి నడిచేదట. నాకు చూపించింది ఆవిడే. 1941లో అక్కడ తెల్లవాళ్ళ కోసం ఇళ్ళు కట్టాలని ఒక బిల్డర్ అనుకున్నాడు. పక్కనే నల్లవాళ్ళ పేట ఉంది కాబట్టి ప్రభుత్వ గృహ సంస్థ లోన్లకి హామీ ఇవ్వనంది. మధ్యలో గోడ కట్టాడు. హామీ వచ్చేసింది. ఇందులో దాపరికం లేదు, అప్పటి పద్ధతే అది. 1930లలో ప్రభుత్వ సంస్థే 200కు పైగా ఊళ్ళకి మ్యాపులు గీసింది. లోను ఇవ్వడానికి మంచి ఏరియాలకి ఆకుపచ్చ, ప్రమాదకరమైనవాటికి ఎరుపు. నల్లవాళ్ళు ఉంటే దాదాపు ఎప్పుడూ ఎరుపే. తెల్ల కూలీ కుటుంబం ప్రభుత్వ హామీ లోనుతో ఇల్లు కొనుక్కుంది, దాని విలువ పెరిగింది, ఆ విలువతో పిల్లల్ని కాలేజీకి పంపింది. గోడకి ఇవతల ఉన్న కుటుంబం అద్దె కట్టింది.

1968లో చట్టం చేసి దీన్ని ఆపారు. మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన వారానికి ఆ చట్టం మీద సంతకం పెట్టారు. కానీ చట్టం వచ్చిన రోజున ఎవరిళ్ళు వాళ్ళవే, ఎవరి అద్దె వాళ్ళదే. అమెరికా కేంద్ర బ్యాంకు 2022 సర్వేలో మధ్యస్థ తెల్ల కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు, నల్ల కుటుంబానిది 44,900. చేతికొచ్చే జీతంలో తేడాకంటే ఇది చాలా పెద్దది. జీతం ఇవాళ్టిది, ఆస్తి తాతల నాటిది.

మనవాళ్ళు ఏరియా మాట పైకి అనరు, "స్కూళ్ళు చూసుకోండి" అంటారు. స్కూల్ రేటింగ్ 9 ఉందా, 10 ఉందా అని చూసి ఇల్లు కొంటాం. నేనూ అలాగే కొన్నాను, నా పిల్లల కోసమే కొన్నాను. ఆ స్కూళ్ళు రెండు రకాలుగా ఎలా మిగిలాయో కూడా తెలుసుకోవాలి కదా. డెట్రాయిట్ పిల్లల్నీ చుట్టుపక్కల ఊళ్ళ పిల్లల్నీ కలిపి చదివించమని కింది కోర్టు చెబితే, 1974లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఆ తీర్పుని కొట్టేసింది. ఆ ఊళ్ళ తప్పు రుజువైతే తప్ప సరిహద్దు దాటి పిల్లల్ని కలపడానికి వీల్లేదంది. డబ్బున్న తెల్లవాళ్ళు సరిహద్దు దాటి వెళ్ళిపోయారు, స్కూలుకి ఆసరా కూడా వాళ్ళతోపాటే వెళ్ళిపోయింది. తర్వాత మనం వచ్చి, మంచి స్కూల్ ఉన్న వైపు ఇల్లు కొనుక్కున్నాం.

జాగ్రత్తా, వివక్షా అన్నారు. రాత్రి డ్యూటీ చేసే కోడలు ఇంటికి క్షేమంగా రావాలనుకోవడం జాగ్రత్త. ఆ వీధిని ఒక్కసారైనా చూడకుండా, ఎవరుంటారో విని వద్దనుకోవడం జాగ్రత్త కాదు. మన దగ్గర టులెట్ బోర్డు చూసి తలుపు తడితే "మీరేవాళ్ళండీ?" అని అడుగుతారు చూశారా, అది ఎవరికి ఎలా తగులుతుందో మీకు తెలుసు. పిల్లల్ని పగలొకసారి, సాయంత్రమొకసారి ఆ వీధికి వెళ్ళి, వాకిట్లో కూర్చున్నవాళ్ళతో మాట్లాడి రమ్మనండి. ఆ తర్వాత నోవైలోనే కొనుక్కున్నా నేను తప్పుపట్టను.

ప్రశ్న: ఆంటీ, నేను డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నాను. పోయిన నెల గ్యాస్ స్టేషన్‌లో ఒకడు "మీ దేశానికి పో" అని అరిచాడు. రెండు రోజులు నిద్రపట్టలేదు. మనల్నే ఇలా చూస్తుంటే, మనం ఇంకొకరి గురించి మాట్లాడటం ఎందుకు? పైగా మా రూమ్‌లోనే అందరూ నల్లవాళ్ళని "కల్లూ" (నల్లోడు అని హిందీలో వెక్కిరింత) అంటారు, ఎవరికీ తప్పనిపించదు.
– విద్యార్థి, టెక్సస్

జవాబు: బాబూ, ముందు నీ సంగతి. నిద్రపట్టకపోవడం సహజం. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపిన మనిషి కూడా అదే మాట అరిచాడు. ఆ వారం మా ఇళ్ళల్లో ఎవరూ తెలుగులో ఫోన్ మాట్లాడుతూ షాపులోకి వెళ్ళలేదు. కాబట్టి దాన్ని చిన్న విషయం అని నేననను. ఒంటరిగా ఉన్నప్పుడు ఎదురు మాట్లాడకు, కారెక్కి వచ్చెయ్. టైము, చోటు, కారు నంబరు రాసుకో. యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకి చెప్పు, బెదిరింపు అయితే పోలీసులకి చెప్పు. ఇంట్లో అమ్మానాన్నలకి దాచకు. ఆ రాత్రి ఒలేతాలో తూటాకి ఎదురెళ్ళి గాయపడినవాడు ఒక తెల్ల కుర్రాడే, ఇయాన్ గ్రిల్లట్. అది కూడా మనసులో పెట్టుకో.

ఇంకొకరి గురించి ఎందుకు అన్నావు. 1923లో భగత్‌సింగ్ థింద్ అనే పంజాబీకి, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడికి, కింది కోర్టు ఇచ్చిన పౌరసత్వం కేసు సుప్రీంకోర్టుకి వెళ్తే "నువ్వు తెల్లవాడివి కావు" అని తోసేశారు. మేమూ ఆర్యులమే అన్నది ఆయన వాదన. పనిచేయలేదు. 1946లో భారతీయులకి ఏడాదికి 100 వీసాలు ఇచ్చారు. దేశం మొత్తానికి వంద. ఆ తలుపు తెరుచుకున్నది 1965 అక్టోబరులో వచ్చిన వలస చట్టంతో. అదే ఏడాది మార్చిలో సెల్మా వంతెన మీద నల్లవాళ్ళు ఓటు కోసం నడిచి లాఠీలు తిన్నారు, ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చింది. జాతిని బట్టి మనిషికి విలువ కట్టకూడదని వాళ్ళు దేశాన్ని ఒప్పించిన గాలిలోనే మన వీసా చట్టం కూడా మారింది. నువ్వూ నేనూ ఎక్కిన విమానానికి వాళ్ళు కూడా టికెట్ కట్టారు.

ఆ మాట మీ రూమ్‌లో నువ్వు ఆపు. పెద్ద గొడవ అక్కర్లేదు. "రేయ్, నా ముందు అనొద్దురా" అను. ఒకసారి చెబితే ఆగరు, నాలుగుసార్లు చెప్పు. మా క్లినిక్ బ్రేక్‌రూమ్‌లో తెలుగు, తమిళ, మలయాళీ నర్సులం కలిసినప్పుడు మాకూ అలాంటి మాటలుండేవి. వాళ్ళకి భాష తెలియదనుకునేవాళ్ళం. ఒకరోజు ఒక నల్లజాతి నర్సు ఆ మాట మాకే అప్పజెప్పి, "దీనర్థం ఏమిటో చెబుతావా?" అని అడిగింది. నేను చెప్పలేకపోయాను.

ప్రశ్న: మేడమ్, లెక్క తప్పని తెలిశాక ఆ పేషెంట్లకి నిజం చెప్పారా? వాళ్ళు మిమ్మల్ని ఏమన్నారు?
– నర్సింగ్ విద్యార్థిని, గుంటూరు

జవాబు: చెప్పాను తల్లీ. చెప్పడం రూలు కూడా. లిస్టులో ఉన్నవారికి ఉత్తరం పంపాలి. కానీ ఉత్తరం సరిపోదనిపించింది. 2023లో మా క్లినిక్ జాబితాలో ఉన్నవాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ఒకాయన నిశ్శబ్దంగా విని "నాకు ఎప్పుడో తెలుసు" అని పెట్టేశాడు. ఒకావిడ ఏడ్చింది. ఒకావిడ నన్ను తిట్టింది, నేను విన్నాను. ఎక్కువమంది ఆశ్చర్యపోలేదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. 1932 నుంచి 1972 దాకా టస్కీగీలో, సిఫిలిస్ ఉన్న దాదాపు 400 మంది నల్లజాతి మగవాళ్ళకి మందు ఉండి కూడా ఇవ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్న ప్రభుత్వ డాక్టర్ల కథ ఆ ఇళ్ళల్లో పిల్లలకి కూడా తెలుసు. వాళ్ళు డాక్టర్ని నమ్మరు అని మనం ఫైల్లో రాస్తాం. ఎందుకు నమ్మరో రాయడానికి ఫైల్లో గడి లేదు.

నేను పైన చెప్పిన ఫ్యాక్టరీ ఆయనకి 2018 రిపోర్టుని కొత్త సూత్రంతో వేస్తే 20 వచ్చింది. పోయిన 16 నెలలూ తిరిగి కలిశాయి. 2023 శరదృతువులో ఆయనకి కిడ్నీ వచ్చింది. ఇప్పుడు బాగున్నాడు.

ఆపరేషన్‌కి ముందు, ఉత్తరం అందిన కొత్తలో, ఒకరోజు అపాయింట్‌మెంట్ లేకుండా క్లినిక్‌కి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవర్. అందులో వాళ్ళ చెల్లెలి పాత రిపోర్టులు. ఆవిడా మా పేషెంటే. 2016లో డయాలిసిస్ మొదలైంది, కిడ్నీ కోసం ఎదురుచూస్తూనే 2019లో పోయింది. తిరిగి రోజులు కలపడం లిస్టులో ఇప్పుడున్నవాళ్ళకే కాబట్టి ఆవిడ పేరున ఏ ఉత్తరమూ రాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "ఊరికే, లెక్క వేసి చెప్పు" అన్నాడు.

2014 అక్టోబరు రిపోర్టు. వయసు 49, క్రియాటినిన్ 2.9. మొదటి లైనులో 18. రెండో లైనులో 21. కొత్త సూత్రంతో వేశాను, 19 వచ్చింది. అంటే ఆ రోజునే ఆవిడని లిస్టుకి పంపాల్సింది. ఆయన ఆ అంకె, తేదీ కాగితం వెనక రాసిమ్మన్నాడు. రాయడానికి కాగితం తిప్పబోతూ చూశాను. డాక్టర్‌గారికి ఫైలు ఇచ్చేముందు ఏ లైను చూడాలో గుర్తుగా గీత గీయడం నా అలవాటు. రెండో లైను కింద నీలం ఇంకుతో గీత ఉంది. అది నాదే అని ఆయనకి చెప్పాను. కాసేపు ఆ గీత వైపే చూశాడు. తర్వాత కాగితం మడిచి మళ్ళీ కవర్లో పెట్టుకుని, "వెనక తేదీ రాశావు కదా" అని అడిగాడు. రాశానన్నాను.